కొక్కేనికి వేలాడిన సైకిలు

ఆ రోజుల్లో మాకు ఇల్లు లేదనడానికి లేదు, ఉందనడానికీ లేదు. తమిళనాడు అంచున ఉన్న హోసూరులో ఒక మేడ పై అంతస్తులో ఒక గది, ఆ గదికి తోకలా ఒక వంటిల్లు, ఆ తోక చివర ఒక బాత్రూము. ఒకరు చాప పరిస్తే ఇంకొకరు గోడకు అతుక్కుని నిలబడాలి. మా ఆయన చొక్కా తొడుక్కుంటూ చేతులు చాపితే ఒక చెయ్యి కిటికీకి, ఇంకో చెయ్యి క్యాలెండరుకు తగిలేది. అయినా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు ఇరుకనిపించలేదంటే మీరు నమ్మరు. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఇల్లు ఎంత చిన్నదైతే అంత మేలని మా నాయనమ్మ అనేది (కోపం వచ్చినా మొహం తిప్పుకోవడానికి చోటుండదు కదా అని ఆవిడ లెక్క). దేవుడు కొలత చూసుకునే ఇస్తాడు. అది సరిపోయిన కొలతేనని మనకు తెలియడానికే కాలం పడుతుంది.

మాది అంచెట్టి దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే కొండపల్లె. బస్సు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. బడి వాగు అవతల ఉండేది. వానాకాలమంతా ఆ వాగు నాకంటే జానెడు ఎత్తుగానే ఉండేది. అందుకని మా తాతయ్యే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలూ ఎక్కాలూ పద్యాలూ నేర్పాడు. పరీక్షలు తర్వాతెప్పుడో ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఇంటి చదువుకు ఒక గుణం ఉంది. తెలిసినవి బాగా తెలుస్తాయి, తెలియనివి ఉన్నాయన్న సంగతే తెలియదు. ఎవరి పక్కనా బెంచీ మీద కూర్చోలేదు కాబట్టి, ఆడపిల్లలు చెవుల్లో చెప్పుకుని కిసుక్కున నవ్వుకునే విషయాలేవీ నా దాకా రాలేదు. దేవుడి పాటలు మాత్రం నాయనమ్మ పుణ్యమా అని చాలానే వచ్చు. వాటితో పాటు వచ్చిన ఇంకో విద్య సైకిలు తొక్కడం. ఇంట్లో ఆవులుండేవి. పాల క్యాను వెనక కట్టుకుని కొండదారిలో పాలకేంద్రానికి పోవడం నా పని. ఎగుడు దారిలో దిగి నెట్టుకుంటూ, దిగుడు దారిలో ప్రాణాలు దేవుడికి అప్పజెప్పి తొక్కుకుంటూ పోయేదాన్ని.

పెళ్లి చేసి నన్ను వేప్పనపల్లి దగ్గర మామిడి తోటలవాళ్ల ఇంటికి ఇచ్చారు. మా ఆయనకు హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం కనుక కాపురం హోసూరులో. కొన్నాళ్లకు నాకూ ఒక పని దొరికింది. హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలుంటాయి కదా, తెల్లటి ప్లాస్టిక్ పైకప్పుల కింద పెంచేవి. బాగలూరు దారిలో అలాంటి తోట ఒకటి. అక్కడ పొద్దు పొడవకముందే మొగ్గలు కోయాలి. ఎండ తగిలితే విచ్చుకుంటాయి, విచ్చుకున్న గులాబీకి విమానమెక్కే యోగం లేదు. కోసిన మొగ్గలను నీళ్ల బకెట్లలో నిలబెట్టి, కాడ పొడుగును బట్టి వేరుచేసి, కట్టలు కట్టాలి. అంత తెల్లవారుజామున ఆ దారికి బస్సు లేదు. సైకిలుంటే నాకు ఆ పని, సైకిలు లేకపోతే ఆ పని లేదు. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుంచుకుంటే తర్వాత నేను పడ్డ అవస్థ అంతా అర్థమవుతుంది.

సైకిలు మా పుట్టింటి నుంచి ఒక టెంపో ఎక్కి వచ్చింది. దింపి గేటు లోపల నిలబెట్టానో లేదో ఓనరమ్మ బయటికి వచ్చింది. ఆవిడ కింది ఇంట్లోనే ఉండేది. ఇంట్లో తమిళం, మాతో తెలుగు, పాలమనిషితో కన్నడం, కుక్కతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడేది.

“కింద పెట్టేదానికి లేదమ్మా,” అంది సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి. “మా కారు వెనక్కి వస్తా ఉంటే కనపడదు. గీత పడిందంటే మా ఇంటాయన నన్ను నమిలి మింగేస్తాడు.”

“గేటు పక్కన పెట్టుకోనా అమ్మా?”

“గేటు పక్కన పెడితే తెల్లారేసరికి నీకు బీగం మిగుల్తాది, సైకిలు మిగల్దు. పైన మీ ఇంట్లోనే పెట్టుకో. నేనేం వద్దంటినా?”

ఆమాత్రం దయకే దండం పెట్టి సైకిలును భుజానికెత్తుకుని మెట్లెక్కాను. ఎక్కాక తెలిసింది, అది మాకంటే పొడుగుదని. వంటింట్లో పెడితే హ్యాండిల్ కుక్కరును కావలించుకుంది. గదిలో గోడకు ఆనిస్తే, పడుకున్న మా ఆయన తలకు ముందు చక్రం మకరతోరణంలా నిలబడింది. తలుపు వెనక పెడితే తలుపు తెరుచుకోదు. చివరికి దేవుడి అలమర ముందు కాస్త ఖాళీ ఉంటే అక్కడ పెట్టాను. ఆ తర్వాత బాత్రూముకు పోవాలన్నా సైకిలుకు సగం ప్రదక్షిణం చేయాల్సిందే. కొంగు తగిలినప్పుడల్లా గంట మోగేది, గంట మోగినప్పుడల్లా నా చేతులు వాటంతట అవే జోడయ్యేవి. పెడలు మా ఇద్దరి మోకాటి చిప్పల మీదా సమానంగా ముద్ర వేసింది. మా ఆయన తడి బనియను హ్యాండిలుకు ఆరేస్తూ ఒకరోజు అడిగారు, “నాకొక సందేహం. ఇది మనింట్లో ఉండాదా, మనమే దీనింట్లో ఉండామా?”

ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చి, నడుం వాల్చడానికి సైకిలు కింద కాళ్లు దూర్చి పడుకుంటే, కప్పులో ఒక కొక్కెం కనిపించింది. ఫ్యానుకు కొంచెం ఎడంగా, బొటనవేలంత లావు ఇనుప కొక్కెం, ఏమీ తగిలించకుండా ఊరికే వంగి ఉంది. అదెందుకో మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. సిమెంటు కప్పులు వేసేటప్పుడు ఉయ్యాల కట్టుకోవడానికి మేస్త్రీలు అలా ఒక కొక్కెం వదులుతారు. కానీ మా పల్లెలో అన్నీ పెంకుటిళ్లు. ఉయ్యాల కట్టాలంటే దూలం మీదుగా చీర వేసేవాళ్లు. నాకు ఆ కొక్కెం దేవుడు సైకిలు కోసమే ముందుగా ఆలోచించి పెట్టించినట్టు కనిపించింది.

“అది బరువు మోస్తుందంటారా?” అని మా ఆయన్ని అడిగాను.

ఆయన పైకి చూశారు. తర్వాత కిటికీ వైపు చూశారు. “మోస్తాది.”

“దేనికోసం పెట్టారో పాపం, ఊరికే ఉంది.”

“దేనికో ఒకదానికి పెట్టింటారు,” అన్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఎండలో వచ్చారు కదా అనుకుని మజ్జిగ ఇచ్చాను.

మా పుట్టింట్లో బావికి మోటారు పెట్టాక పని లేకుండా పడి ఉన్న గిలక ఒకటుండేది. నాన్నకు కబురు పెడితే బస్సులో పంపించాడు. దాన్ని కొక్కేనికి తగిలించాము. తాడు నేరుగా కడితే సైకిలు రంగు చెడిపోతుందని నాయనమ్మ ఇచ్చిన పాత నూలుచీరను జోలెలా వేసి, అందులో సైకిలును పడుకోబెట్టాను. గొలుసు నూనె చాప మీద కారకుండా ఆ చీర కొంగుతోనే మొత్తం చుట్టేశాను. తాడు రెండో కొస కిటికీ కమ్మీకి కట్టాను. లాగితే పైకి, వదిలితే కిందికి. నేలంతా ఖాళీ! మొదటిరోజు మేమిద్దరం ఆ ఖాళీలో అటూ ఇటూ నడిచి చూసుకున్నాము. మా ఆయనైతే ఒకసారి పొర్లి కూడా చూశారు.

రోజూ సాయంత్రం దీపం పెట్టే ముందు సైకిలును పైకి లాగేదాన్ని. మా ఇంట్లో తాడు పట్టుకుంటే పాట రావాల్సిందే. నీళ్లు తోడేటప్పుడు అలవాటైన పద్ధతి అది. బరువుగా, నిదానంగా లాగే పనికి నాకు వచ్చిన పాటల్లో సరిగ్గా కుదిరేది స్వామిని పవళింపజేసే లాలి పాట ఒక్కటే. ఒక చరణానికి ఒక లాగు. పైన గిలక కీచు కీచు మంటూ తాళం వేసేది. తెల్లవారుజామున దించేటప్పుడు మళ్లీ కీచు కీచు, ఈసారి మేలుకొలుపు పాట. తలుపు తీసి ఉంటే ఎదురింటికి కనిపించేది చీర జోలె. వినిపించేది లాలి. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నా చెవికి అది సైకిలు పాటే.

ఆ వారం నుంచి మా మేడలో మనుషులు ఉన్నట్టుండి దేవతలైపోయారు. ఎదురింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన అక్క ఒకావిడ ఉండేది. వాళ్లాయనదీ ఇక్కడే ఫ్యాక్టరీ ఉద్యోగం. మెట్ల మీద నా చేతిలో నీళ్ల బిందె చూసి లాక్కున్నంత పని చేసింది. “పిచ్చి పిల్లా, ఈ టైములో నువ్వు బరువులెత్తుతావా? ఇలా ఇచ్చెయ్!” అంది. (టైమంటే నీళ్లు వచ్చే టైమనుకున్నాను.) మర్నాడు కొత్త ఆవకాయ ఇచ్చింది. ఓనరమ్మ పుళియోదరై (మన పులిహోరే) పంపింది, ఆ మర్నాడు పచ్చిమామిడి ముక్కలు ఉప్పూ కారం అద్ది పంపింది. నాకు పులుపంటే ప్రాణమని వీళ్లకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోతూ అన్నీ తిన్నాను. ప్రతి గిన్నెకూ దేవుడికి ఒక నమస్కారం పెట్టాను. ఊరుకాని ఊరిలో ఇంత మంచి మనుషుల మధ్య పెట్టావు తండ్రీ అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. ఒక్క విషయమే అర్థం కాలేదు. ఓనరమ్మ రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, “సైకిలు తొక్కింది చాలమ్మా, ఇంక మానుకో,” అనేది. కారుకు గీత పడుతుందని భయం కాబోలనుకుని ఇంకా దూరంగా తిప్పి తీసుకుపోయేదాన్ని.

అసలు జరిగింది నాకు తర్వాత తెలిసింది. పాలు పొంగించిన రోజు మా అత్తమ్మ ఓనరమ్మకు తన ఫోన్ నంబరు ఇచ్చి, “చిన్నపిల్ల, ఏమీ తెలీదు, మీరే చూసుకోవాల,” అని చెప్పి వెళ్లింది. ఆ మాట పట్టుకుని ఓనరమ్మ ఇప్పుడు ఫోన్ చేసింది. “ఏమమ్మా, మీ కోడలు బిడ్డ పుట్టకముందే ఖాళీ ఉయ్యాల కట్టి రోజూ లాలి పాడతా ఉంది. చూసేదానికి నాకే బెదురుగా ఉంది. పెద్దవాళ్లు మీరు చెప్పేది లేదా?” అని. ఖాళీ ఉయ్యాల ఊపకూడదన్నది మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. అత్తమ్మకు ఒకే ఫోన్‌లో సంతోషమూ భయమూ రెండూ అందాయి. ఆ రెండింటికీ ఆవిడకు ఒకటే మందు తోచింది, ఇంట్లో ఉన్న రుబ్బురోలు గుండు. వాళ్లింట్లో పేరు పెట్టే రోజు ఉయ్యాలలో బిడ్డ కంటే ముందు ఆ గుండును కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి పడుకోబెడతారు. బిడ్డ రాయిలా గట్టిగా బతకాలని. మా ఆయనా, ఆయన అన్నదమ్ములూ అందరూ ఆ గుండు తర్వాత ఉయ్యాల ఎక్కినవాళ్లే. ఉయ్యాల తొందరపడి కట్టేశారు కాబట్టి గుండును కూడా తొందరగా పడుకోబెట్టేస్తే దోషం పోతుందని అత్తమ్మ నమ్మకం.

వేప్పనపల్లి నుంచి కృష్ణగిరికి ఒక బస్సు, అక్కడి నుంచి హోసూరుకు ఇంకో బస్సు. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో గుండు. కండక్టరు సంచి జరపబోయి జరగక, “ఏమ్మా, ఏముండాది ఇందులో ఇంత బరువు?” అని అడిగాడట. “మా మనవడికి చోటు పట్టేదానికి పోతా ఉండాదప్పా,” అందట అత్తమ్మ. కండక్టరు సంచి మీది చెయ్యి తీసేసి టికెట్టు కొట్టాడట.

ఆ సాయంత్రం నేను అప్పుడే సైకిలును పైకి లాగి, తాడు ముడివేసి, దీపంలో వత్తి సర్దుతున్నాను. గుమ్మంలో రొప్పుతూ అత్తమ్మ. ఆవిడ వెనక హారతి పళ్లెంతో ఓనరమ్మ. ఆవిడ భుజం మీదుగా తొంగిచూస్తూ గుంటూరక్క. అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, బుగ్గలు నిమిరి, తల పైకెత్తింది.

“ఇదేంది అమ్మణ్ణీ, ఇంత పైన కట్టినావు? రేపు బిడ్డ ఏడిస్తే నిచ్చెనేసుకోని ఎక్కుతావా?”

“బిడ్డెవరత్తా?” అన్నాను.

“సిగ్గుపడతా ఉంది,” అంది ఓనరమ్మ. “దించమ్మా, దించు. ఆ రాయి పడుకోబెట్టేస్తే మాకూ మనసు నిమ్మళం.”

నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. పెద్దవాళ్లు దించమన్నారు కాబట్టి తాడు విప్పాను. గిలక కీచుమంది. జోలె మెల్లగా దిగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ముందుకు వంగారు. కొంగు పొర జారింది. ముందు గంట కనిపించింది, తర్వాత హ్యాండిలు, ఆ తర్వాత మట్టి అంటిన ముందు చక్రం నిదానంగా తిరుగుతూ బయటికి వచ్చింది.

“అయ్యో కడవుళే!” అని ఓనరమ్మ తమిళంలో దేవుణ్ణి పిలిచింది. గుంటూరక్క నోట్లో కొంగు కుక్కుకుంది. అత్తమ్మ మాత్రం గుండు ఒళ్లో పెట్టుకుని, ఉన్నచోటే చాప మీద కూర్చుంది.

అప్పుడు గుంటూరక్క నా చెవిలో చెప్పింది, ఆ కొక్కెం దేనికో. నేల చీలితే లోపలికి పోదామనిపించింది (చీలినా కింద ఉండేది ఓనరమ్మ వంటిల్లే). పులిహోరలూ, మామిడి ముక్కలూ, నీళ్ల బిందె, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. సరిగ్గా ఆ ఘడియలో మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. తలుపు దగ్గర నలుగురు ఆడవాళ్లను, నేల మీద సైకిలును, అమ్మ ఒళ్లో గుండును చూసి, వచ్చిన కాలు వచ్చినట్టే వెనక్కి తీయబోయారు.

“యాడికిరా పోయేది? ఈడకి రా,” అంది అత్తమ్మ. “ఆ పాపకు తెలీదు సరే. నీకన్నా తెలీదా ఆ కొక్కి ఏందో?”

“తెలుసు మా.”

“తెలిస్తే చెప్పేదానికేమిరా?”

“ఎట్ల చెప్పేది మా? పెండ్లయి నాలుగు దినాలు కూడా కాలే...” అని ఆయన నేల చూశారు. గుంటూరక్క ఇంక ఆపుకోలేక తన ఇంట్లోకి పరుగెత్తింది. అక్కడి నుంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

అత్తమ్మ నవ్వలేదు. సంచిలోంచి ఒక మూట తీసి పక్కన పెట్టింది. తన పాత నూలుచీరలు చింపి, ఉతికి, మడతలు పెట్టిన మెత్తటి గుడ్డలు. ఆ మూటను చూశాక నాకు సిగ్గు పోయి దుఃఖం వచ్చింది. ఆవిడే నా మొహం చూసి, “ఉండనీలే. గుడ్డేమన్నా కుళ్లిపోతుందా? పాతబడేకొద్దీ ఇంకా మెత్తగయితాది,” అంది. తర్వాత సైకిలు వైపు చూసి గొంతు గట్టి చేసుకుంది. “ఇది మాత్రం ఈడ ఉండకూడదు. బిడ్డలు ఎక్కాల్సిన కొక్కికి ఇనుమును ఎక్కించినారు. రేపే టెంపోలో ఊరికి పంపించేస్తాను.”

“సరే అత్తా,” అన్నాను. నాకు ఎదురు చెప్పడం రాదు. తాతయ్య నేర్పని విద్యల్లో అదొకటి. ఏం చేయాలో తోచక దీపం వెలిగించడానికి అలమర దగ్గరికి పోయాను. గులాబీ తోట ఇంక లేదు. పొద్దు పొడిచే ముందు ఆ తెల్లకప్పు కింద వేల మొగ్గలు కళ్లు మూసుకుని నిలబడి ఉంటాయి. మొదటి మొగ్గ కోసేటప్పుడు మనసులో ఒక నమస్కారం పెట్టుకునేదాన్ని. అదీ ఇంక లేదు. అగ్గిపుల్ల అంటుకోలేదు. ఇంకోటి గీశాను.

“ఆ పూలు యాడివి?” అని వెనక నుంచి అత్తమ్మ అడిగింది. దేవుడి ముందు గులాబీలున్నాయి.

“తోటవే అత్తా. కాడ వంకరగా ఉన్నవి విమానానికి పనికిరావని మాకు ఇచ్చేస్తారు. దేవుడికి వంకరేముంది అని నేను తెస్తాను.”

“ఏ పొద్దుకు కోస్తారు?”

“చీకటితోనే. ఎండ తగిలితే విచ్చుకుంటాయి. ఆ వేళకు బస్సు లేదు.” అంతే అన్నాను.

అత్తమ్మ పూల వైపు వంగి చూసింది. మామిడి తోటలో పుట్టి, మామిడి తోటలోనే తల నెరిసిన మనిషి. కోతల కాలంలో ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆవిడే. “మాకూ అంతే గదా,” అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. “ఎండెక్కినాక కోస్తే కాయ వాడిపోతాది. తెల్లార్తో కోసేదానికి పోయే మనిషికి కాళ్లు లేకుండా చేస్తే ఎట్ల?” తర్వాత గుండును ఒళ్లోంచి దించి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. “సరే, అయిందేదో అయింది. మొదుట ఉయ్యాల ఎక్కిందెవురో, వాళ్లే ఇంటికి పెద్దబిడ్డ. పెద్దబిడ్డను బయటికి తోసేది మన వంశంలో లేదు. దీనికి పేరు పెట్టి, కొక్కి దించి, ఆ తర్వాత మాట్లాడదాం. రేయ్, పోయి అరటిపండ్లు తీసుకోని రా. నువ్వు పాయసానికి ఎసరు పెట్టు.”

ఆ సాయంత్రం మా గదిలో జరిగిన బారసాల లాంటిది హోసూరులో అంతకుముందు జరిగి ఉండదు. గుంటూరక్క కళ్లు తుడుచుకుంటూ సేమ్యా డబ్బాతో తిరిగివచ్చింది. గుండును కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి జోలెలో పడుకోబెట్టారు. గుండు పక్కన సైకిలు మొత్తం పట్టదు కాబట్టి “తలన్నా పెట్టండి, చాలు,” అంది అత్తమ్మ. మా ఆయన ముందు చక్రం ఎత్తి గుండు పక్కన ఆనించి, పెద్ద గాజుపాత్ర మోస్తున్నవాడిలా బిగుసుకుని నిలబడ్డారు. అప్పుడు చర్చ పుట్టింది, మగబిడ్డా ఆడబిడ్డా అని. “నడుమ కడ్డీ లేదు గదండీ, ఆడపిల్లే!” అని గుంటూరక్క తేల్చింది.

“పేరు పెట్టేదానికి మేనత్త కావాల. నాకు ఆడపిల్లలు లేరు,” అని అత్తమ్మ ఓనరమ్మ వైపు తిరిగింది. “ఈ ఊర్లో మాకు ఆడబిడ్డ అంటే నువ్వే గదమ్మా. కన్నబిడ్డల మాదిరిగా చూసుకుంటా ఉండావు. నువ్వే పెట్టు.”

ఓనరమ్మ మొహం పున్నమి చంద్రుడైపోయింది. చీర సర్దుకుని ముందుకు వచ్చి, హ్యాండిలు అటూ ఇటూ చూసి, “దీనికి చెవి యాడ ఉంది?” అని అడిగింది.

“గంట ఉండాది గదా. వినేదీ అదే, పలికేదీ అదే.”

ఓనరమ్మ వంగి, గంటకు నోరు ఆనించి, “తంగమ్మ, తంగమ్మ, తంగమ్మ,” అంది. “మా భాషలో తంగం అంటే బంగారం,” అని మాకు అర్థం కూడా చెప్పింది. నేను లాలి పాడాను. ఈసారి దేనికి పాడుతున్నానో తెలిసి పాడటం వల్ల మొదటి చరణంలోనే నవ్వొచ్చి తప్పాను. అత్తమ్మ అందుకుంది. పాయసం అందరం తిన్నాము. ఓనరమ్మ రెండోసారి పెట్టించుకుంది.

ఆవిడ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగి, అత్తమ్మ మెత్తగా అంది, “మేనత్త ఊరికే పేరు పెట్టి పోతే ఎట్లమ్మా? బిడ్డకు ఏమన్నా పెట్టాల గదా.”

“పెట్టాల్సిందే! ఏం పెట్టేది? చెప్పండి.”

“బంగారమా, వెండా, దానికేం చేసుకుంటాది? తల దాచుకునేదానికి మెట్ల కింద ఇంత చోటు పెట్టు. మేనకోడలు మేనత్త నీడలో ఉంటాది, వానకు తడవదు.”

ఓనరమ్మ నోరు తెరిచింది. పాయసం తిన్న నోరు, పేరు పెట్టిన నోరు. కారు గీతల సంగతి ఆ నోటితో ఎలా చెబుతుంది? గంట వైపు ఒకసారి చూసి నవ్వేసింది. “సరి, ఎత్తుకోని రండి. మెట్ల కింద పాత సామాన్లన్నీ రేపు తీయించేస్తాను. కానీ చెప్తా ఉండా, వేరే వాళ్ల సైకిళ్లు పెడితే ఒప్పుకునేది లేదు. తంగమ్మ ఒక్కటే!”

అత్తమ్మ ఆ మాట అడగాలనే ఆవిడను మేనత్తను చేసిందా, చేశాక ఆ మాట తోచిందా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. అడిగితే, “నాకేం తెలుసమ్మా, పల్లెటూరి దాన్ని,” అని తమలపాకుకు సున్నం రాసుకుంది. గుండును మాత్రం వెనక్కి తీసుకుపోలేదు. “మళ్లా మోసుకోని వచ్చేది నా చేత కాదు. ఈడనే ఉండనీ,” అని అలమర కింద పెట్టింది (దేవుడి దయవల్ల కొక్కెం ఆ తర్వాత ఎక్కువ కాలం ఖాళీగా ఏమీ లేదు).

తెల్లారి (ఆ రోజు నాకు తోటలో సెలవు) అత్తమ్మను బస్టాండుకు ఆటోలో పంపుదామని మా ఆయన అంటే ఆవిడ ఒప్పుకోలేదు. “ఇంట్లో బండి పెట్టుకోని ఆటో ఎందుకురా?” అని, చీర కుచ్చిళ్లు బిగించి, మా ఇంటి పెద్దబిడ్డ క్యారియరు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుంది. రెండు చేతులతో నా నడుం గట్టిగా పట్టుకుంది. మంచు ఇంకా విడలేదు. గేటు దాటగానే మొదటి స్పీడ్‌బ్రేకరు. “గోవిందా!” అంది. రెండోది వచ్చింది. “గోవిందా, గోవిందా!” మలుపులో ఒక లారీ ఎదురైతే స్వామికున్న పేర్లన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. నాకు నవ్వాగక హ్యాండిలు వంకర్లు పోతుంటే వీపు మీద ఒకటి చరిచింది. బస్టాండుకు పోయే దిగుడు దారిలో మాత్రం గొంతు ఆగిపోయింది. భయపడిందేమోనని బ్రేకు పట్టబోయాను.

“పట్టుకోవద్దు,” అంది చెవి దగ్గర, చిన్నపిల్ల రహస్యం చెప్పినట్టు. “ఇంకొంచెం విడిచిపెట్టు అమ్మణ్ణీ. గాలి బాగుండాది.”

ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక నేను సైకిలు మానేశాను. ఎక్కడికి పోవాలన్నా మా ఆయన స్కూటరు వెనక కూర్చుంటాను. స్పీడ్‌బ్రేకరు కనిపించగానే నాకు తెలియకుండానే నోట గోవింద నామం వచ్చేస్తుంది. దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తారు, మా ఆయన అద్దంలో నన్ను చూసి నవ్వు బిగబట్టుకుంటారు. చూడనీ. ఆ తెల్లవారుజామున ముందు కూర్చుని పడీపడీ నవ్విన కొత్తకోడలు ఎక్కడికీ పోలేదు కాబోలు. ఈ వెనక సీటు పెద్దమ్మను చూసి అదే నవ్వు ఇంకా నవ్వుతూనే ఉంది. దిగుడు దారి వచ్చినప్పుడు మాత్రం ఆ కొత్తకోడలూ ఈ పెద్దమ్మా ఒకే మనిషి. కళ్లు మూసుకుని గాలికి మొహం ఇచ్చి ఊరుకుంటాం.